అర్థం ఒకటే

"సిమిలర్ విత్ శాంపిల్," అని రంగులక్క అనగానే బోర్డు మీద రాస్తున్న గుమస్తా చెయ్యి ఆగిపోయింది.

అతను మెల్లిగా ఇటు తిరిగాడు. ఆ తిరగడంలోనే ఏదో తమాషా రాబోతోందని బెంచీల మీద కూర్చున్న ఇరవై మందికీ తెలిసిపోయింది. కొందరు ముందే నవ్వడానికి సిద్ధపడ్డారు.

"విత్ అంటే తోడు," అన్నాడు గుమస్తా. "సిమిలర్‌కి తోడెందుకమ్మా? ఒంటరిగా ఉంటే భయపడుతుందా?"

హాలు గొల్లుమంది. అద్దకం మేస్త్రి బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. రంగులక్క కూడా నవ్వింది. అందరికంటే కొంచెం ఆలస్యంగా నవ్వి, అందరికంటే ముందు ఆపేసింది.

"మరి ఏం పెట్టాలి మాస్టారూ?"

"టు. సిమిలర్ టు. దానికి ఆ ఒక్క టు చాలు, ఏ తోడూ అక్కర్లేదు." బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి కింద రెండు గీతలు గీశాడు. రంగులక్క తన నోటు పుస్తకంలో నెమ్మదిగా, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని రాసుకుంది.

అతను ఆ బట్టల మిల్లు ఆఫీసులో గుమస్తా. కింది విభాగాల నుంచి వచ్చే చేతిరాత చీటీలను చక్కటి ఇంగ్లీషులో టైపు చేసి, సంతకాలు పెట్టించి, సరుకుతోపాటు కొనేవాళ్ళకు పంపడం అతని పని. చీటీల్లోని ఇంగ్లీషు చూసి మేనేజరు తల పట్టుకున్న రోజు నుంచి, వారానికి మూడు రోజులు భోజనాల తర్వాత అరగంట క్యాంటీన్ హాల్లో పాఠం చెప్పడం కూడా అతని పనే అయింది. పైన అద్దాల గదిలో అతను తలుపు పక్క బల్ల దగ్గర కూర్చునే మనిషి. ఎవరు వచ్చినా అతన్ని దాటుకునే లోపలికి వెళతారు, అతనికేసి చూడరు. కింద మాత్రం మాస్టారు. ఆ అరగంట కోసం అతను పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేసుకుని వస్తాడు.

రంగులక్కది రంగులు పోల్చే పని. అద్దకం నుంచి వచ్చిన ప్రతి లాట్ నుంచి ఒక ముక్క కత్తిరించి, కొనేవాళ్ళు పంపిన శాంపిల్ ముక్క పక్కన పెట్టి, మూడు రకాల దీపాలున్న పెట్టెలో చూస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ పెట్టె ముందు అదే స్టూలు మీద కూర్చుంటోంది. మిల్లులో ఆవిడను అక్క అనని వాళ్ళు లేరు. గుమస్తా ఒక్కడే, పదేళ్ళు చిన్నవాడై ఉండీ, 'ఏమ్మా, నువ్వు' అంటాడు. ఆవిడ అతన్ని 'మీరు' అంటుంది.

"ఒక్క సందేహం మాస్టారూ," అంది రంగులక్క లేచి నిలబడి. "రంగు దగ్గరగా ఉంటుంది. కానీ అదే కాదు. అప్పుడు సిమిలర్ టు అనొచ్చా?"

షిఫ్టు సైరన్ మోగింది. బెంచీలు కిర్రుమన్నాయి. గుమస్తా చేతులకంటిన సుద్ద దులుపుకుంటూ, "కొనేవాడికి అంత పురాణం ఎందుకమ్మా? పోలిక కుదిరిందా, సేమ్ యాజ్ శాంపిల్ అని రాసెయ్. గట్టిగా ఉంటుంది. సిమిలర్ అంటే నసుగుతున్నట్టుంటుంది," అన్నాడు.

"రెండింటికీ అర్థం ఒకటేనా?"

"ఒకటే అనుకో."

ఆవిడ ఇంకేదో అడగబోయింది. అప్పటికే అతను మెట్లెక్కేస్తున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ చీటీ పైకి వచ్చింది. నలభై ఒకటో లాట్, బూడిద నీలం, ఆరు వేల మీటర్లు. కింద వంకర టింకర ఇంగ్లీషు అక్షరాల్లో 'సిమిలర్ టు శాంపిల్' అని ఉంది. ఆ కింద ఇంకో ముక్క: 'ట్యూబ్‌లైట్ నో.'

'టు' చూసి గుమస్తాకు ముచ్చటేసింది. నిన్న చెప్పింది ఇవాళ పెట్టేసింది. ముసలి వయసులో అయినా పట్టుదల మెచ్చుకోవాలి అనుకున్నాడు. ఆ తర్వాత, పిల్లల కాపీ పుస్తకం దిద్దే అలవాటుతో, టైపు చేసేటప్పుడు దాన్ని 'సేమ్ యాజ్ శాంపిల్' చేశాడు. అలా చేస్తే వాక్యం చూడ్డానికి బాగుంది. ట్యూబ్‌లైట్ నో అంటే పెట్టెలో ట్యూబ్‌లైట్ వెలగడం లేదనుకున్నాడు. పాపం, ఎవరికి చెప్పుకోవాలో తెలియక రిపోర్టులోనే రాసేసిందని నవ్వుకుని, ఆ ముక్క తీసేసి, ఫోనెత్తి ఎలక్ట్రీషియన్‌కు చెప్పాడు.

సంతకం కోసం రంగులక్క పైకి వచ్చింది. చేతులు కడుక్కుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. కాగితానికి రంగంటుకోకూడదని ఆవిడ ఎప్పుడూ అలాగే చేస్తుంది. కాగితం మీద వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. వేలు ఒకచోట ఆగింది.

"మాస్టారూ, నేను సిమిలర్ అని రాశాను."

"నాకు తెలుసమ్మా. బాగుండేలా మార్చాను."

"టు పెట్టాను కదా, మళ్ళీ తప్పొచ్చిందా?"

"తప్పేం లేదు. అర్థం ఒకటే."

"మరి ట్యూబ్‌లైట్ సంగతి?"

"ఎలక్ట్రీషియన్‌కి చెప్పాను, వస్తాడు."

"ఎలక్ట్రీషియనా?" అందావిడ అర్థం కాక.

కిటికీ కింద లారీ హారన్ కొట్టింది. లోపలి గదిలోంచి మేనేజరు "కాగితాలేమయ్యాయి?" అని కేకేశాడు. గుమస్తా పెన్ను మూత తీసి ఆవిడ చేతికిచ్చాడు. "సంతకం పెట్టమ్మా తల్లీ, నీకోసం లారీ నిలబడి ఉంది."

ఆవిడ పెట్టింది. పొడుగ్గా, ఒక్కో అక్షరం విడివిడిగా. కాగితాన్ని ఇంకోసారి చూసి, అతని ముఖం కేసి చూసి, కిందికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ పైకి వచ్చి, "ఆ పెట్టెలో లైట్లన్నీ సుబ్బరంగా వెలుగుతున్నాయి మాస్టారూ, ఉత్తి పుణ్యానికి నన్ను తిప్పారు," అన్నాడు. గుమస్తా అప్పుడైనా ఆలోచించాల్సింది. "అవునా, సరే," అని టైపు చేసుకుంటూ కూర్చున్నాడు.

తర్వాతి వారం గురువారం ఫోను వచ్చింది. కొన్నవాళ్ళు అదే ఊళ్ళో యూనిఫాంలు కుట్టేవాళ్ళు. పోయిన లాట్‌తో చొక్కాలు, ఈ లాట్‌తో ప్యాంట్లు కుట్టారట. పగటి వెలుతురులో చక్కగా కలిశాయట. ఇస్త్రీ చేసి ట్యూబ్‌లైట్ల కింద వరుసగా వేలాడదీసేసరికి చొక్కాలు నీలంగానూ ప్యాంట్లు ఎర్రజీర కొడుతూనూ కనిపించాయట. మేనేజరు ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా అవతలి గొంతు బయటి గది దాకా వినిపించింది. "ఒకడి నడుము పై భాగానికి ఇంకొకడి కింది భాగం తెచ్చి అతికించినట్టున్నాయండీ మా యూనిఫాంలు! సేమ్ అని రాసి సంతకం పెట్టిన ఆ మహానుభావులెవరో నాకు తెలియాలి!"

'ట్యూబ్‌లైట్ నో' అన్న మాటకు అర్థం గుమస్తాకు ఆ క్షణంలో తెలిసింది. ట్యూబ్‌లైట్ కింద కలవలేదు. ఆవిడ చెప్పింది అదీ. ఇంగ్లీషులో రెండు ముక్కలే తెలిస్తే ఆ రెండు ముక్కల్లోనే చెప్పింది. దగ్గరగా ఉంది, అదే కాదు, తేడా ఎక్కడో కూడా ఇదీ అని చెప్పింది. అతను ఫైల్లోంచి ఆవిడ చేతిరాత చీటీ తీశాడు. చింపడానికే తీశాడు. రెండు వేళ్ళూ కాగితం అంచు పట్టుకున్నాయి. ఎవరో మెట్లెక్కి వస్తున్న చప్పుడైంది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున రంగులక్కను పైకి పిలిచారు. మేనేజరు బల్ల మీద రెండు గుడ్డ ముక్కలూ రిపోర్టూ ఉన్నాయి. గుమస్తాను కూడా పిలిచి పక్కన కుర్చీ వేశారు, జరిగింది రాసుకోవడానికి. ఆవిడకు కుర్చీ వేయలేదు.

"ఈ సంతకం నీదేనా?"

"నాదేనండీ."

"సేమ్ యాజ్ శాంపిల్ అని ఉంది. చదివే పెట్టావా?"

"చదివే పెట్టానండీ."

"సేమ్ అంటే ఏమిటి?"

ఆవిడ గుమస్తా వైపు చూసింది. నిలదీస్తున్న చూపు కాదది; క్లాసులో జవాబు గుర్తు రానప్పుడు పిల్లలు చూసే చూపు. అతను పెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు.

"ఒకటే అని, అండీ."

"ఇవి రెండూ ఒకటేనా?" అని మేనేజరు ముక్కలను ట్యూబ్‌లైట్ కిందికి జరిపాడు.

చాలాసేపు చూసింది ఆవిడ. "కాదండీ," అంది.

"మరి?"

ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు నా పేరు చెబుతుంది అని గుమస్తా నిప్పుల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. చెప్పేస్తే బాగుండునని కూడా ఒక మూల అనిపించింది. తను చెప్పాల్సిన పని తప్పిపోతుంది. కానీ ఆవిడ చెప్పలేదు. "పొరపాటు నాదేనండీ, నేను సరిగ్గా చూడలేదు," అంది. ఆ మాటను అతను తన చేత్తో, తప్పుల్లేని ఇంగ్లీషులో రాశాడు.

ఆవిడను చిత్తు గుడ్డల గదికి మార్చారు. రంగులు చూసే పని అద్దకం మేస్త్రికి ఇచ్చారు. తను వేసిన రంగును తనే చూసుకుని తనే మెచ్చుకునే ఏర్పాటని కింద అందరూ నవ్వుకున్నారు.

ఆ సాయంత్రం అన్నం తింటుంటే భార్య, "ఏంటి, ఇవాళ ఎవరి ఇంగ్లీషూ చెప్పి నవ్వించలేదు?" అంది. రోజూ చీటీల్లో తప్పులు చెప్పి భార్యను నవ్వించడం అతనికి అలవాటు.

"మిల్లులో ఒకావిడ రిపోర్టు తప్పు రాసింది. గొడవైంది."

"అయ్యో. దిద్దేవాళ్ళు ఉండరా?"

"ఉంటారు."

"మీరే కదండీ దిద్దేది?"

"రోజుకి నలభై వస్తాయి. ఎన్నని చూస్తాను?" గొంతు అవసరమైనదానికంటే పెద్దగా వచ్చింది. భార్య అతని కంచంలోకి చూసింది. అన్నం కలిపి అలాగే వదిలేశాడు. ఆవిడ ఇంకేమీ అడగకుండా మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది. అడిగితే చెప్పేసేవాడేమో.

శనివారం ఏదో లెక్క కావాలన్న నెపంతో చిత్తు గుడ్డల గదికి వెళ్ళాడు. కిటికీ లేని గది. గాలిలో నూలు దుమ్ము. రంగులక్క నేల మీద కూర్చుని గుడ్డ పీలికలను మూడు కుప్పలు చేస్తోంది: తెల్లవి, లేత రంగులవి, ముదురువి. అంత మోటు పని ఆ గదిలో ఎవరైనా చేస్తారు. ఆవిడ మాత్రం ముదురు కుప్పలోనే మళ్ళీ ముదురు ఆకుపచ్చలను ఒక పక్కకూ నల్లటి నీలాలను ఒక పక్కకూ సర్దుతోంది. చేతులు వాటంతట అవే చేస్తున్నాయి. ముక్కు మీద కొత్త కళ్ళజోడు.

"రండి మాస్టారూ, దుమ్ముగా ఉంది, గుమ్మంలోనే ఉండండి," అంది. అతను కళ్ళజోడు వైపే చూస్తుండడం గమనించి తడుముకుంది. "నిన్న సాయంత్రం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. గోడ మీది అక్షరాలన్నీ చదివించాడు. ఏమీ లేదు, దివ్యంగా ఉన్నాయన్నాడు. ఏమీ లేకపోతే అంత తేడా ఎలా తప్పిపోతుందండీ? నేనే బతిమాలి ఏదో ఒక పవర్ రాయించుకున్నాను."

"పెట్టుకుంటే బాగుందా?"

"తల తిరుగుతోంది."

ఆవిడ ఒక పీలికను వేళ్ళ మధ్య సాగదీస్తూ చెప్పింది. "మొదట చూసినప్పుడు ఎర్రజీర కనిపించింది మాస్టారూ. పగటి దీపం కింద లేదు, పచ్చ బల్బు కింద లేదు, ట్యూబ్ వేస్తే ఉంది. అందుకే అలా రాశాను. మీరు అర్థం ఒకటే అన్నాక, కిందికెళ్ళి మళ్ళీ చూశాను. ఇంగ్లీషులో దగ్గరగా ఉన్నదాన్నీ ఒకటే అంటారు కాబోలు, నేనే మరీ చాదస్తం పోతున్నానేమో అనుకున్నాను. అలా అనుకుని చూస్తే జీర కనిపించలేదు. నిజంగా కనిపించలేదండీ. ఒక పూట కనిపించి ఇంకో పూట కనిపించకపోతే అది కన్నేనా?"

"అలాంటిదేం లేదు," అన్నాడతను.

"ఈ నెలాఖరుకి మానేస్తాను. రంగు తెలియని కన్నుతో ఆ స్టూలు మీద కూర్చోకూడదు. ఇక్కడ కూర్చోవడానికి నాకు మనసొప్పదు."

చొక్కా జేబులో చీటీ ఉంది. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది. జేబు మీద ఆనింది. అప్పుడే ఎవరో మూటలు లాక్కుంటూ గుమ్మంలోకి వచ్చారు. అతను పక్కకు తప్పుకుని, "మళ్ళీ వస్తానమ్మా," అని బయట పడ్డాడు. ఏ లెక్క కోసం వచ్చాడో ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు. మెట్ల మలుపులో ఆగి గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మూటలు లాక్కొచ్చినవాళ్ళు రాకపోయినా తను చెప్పి ఉండేవాడు కాదని అతనికి తెలుసు.

పైకి వెళ్ళగానే మేనేజరు పిలిచాడు. "సోమవారం మీ పాఠం ఒక్కటే. సిమిలర్ అంటే ఏమిటి, సేమ్ అంటే ఏమిటి. వాక్యాలతో సహా అందరి బుర్రకీ ఎక్కాలి. ఆవిడ రిపోర్టు బోర్డుకి అంటించి చెప్పండి, సిగ్గొస్తుంది. చిత్తు గుడ్డల గది నుంచి ఆవిడని కూడా రమ్మనండి."

"ఆవిడ ఎందుకులెండి సార్..."

"ఆవిడే రావాలి."

ఆదివారమంతా పాఠం రాసుకున్నాడు. రాసింది చింపాడు. పైపైన చెప్పి దాటేసే పాఠం ఒకటి తయారైంది: రెండు మాటలూ పోలిక చెప్పేవే, ఒకదాని తర్వాత 'టు' వస్తుంది, ఒకదాని తర్వాత 'యాజ్' వస్తుంది, అంతే. అందులో ఒక్క అబద్ధం లేదు. దాన్ని నీటుగా రాసి పెట్టుకున్నాడు. అలా చెబితే ఆవిడకు ఎప్పటికీ తెలియదు. రిపోర్టు కంటే కళ్ళనే అనుమానించుకుంటూ నెలాఖరుకు వెళ్ళిపోతుంది. జేబులోని చీటీ వారం రోజుల తర్వాత ఒకనాడు చొక్కాతోపాటు నీళ్ళలో నానిపోతుంది.

సోమవారం హాలు నిండిపోయింది. ఎప్పుడూ రాని మూటలవాళ్ళు కూడా తమాషా చూడ్డానికి వచ్చి గోడ వెంబడి నిలబడ్డారు. రంగులక్క ముందు బెంచీలో, చివర, నోటు పుస్తకం తెరుచుకుని కూర్చుంది. ఆవిడ పక్కన ఎవరూ కూర్చోలేదు. మేనేజరు పంపిన రిపోర్టును ఎవరో అప్పటికే బోర్డు మూలకు అంటించి ఉంచారు. ఆ మూల నుంచి ఆవిడ సంతకం వెనక బెంచీలకు కూడా కనిపిస్తోంది.

గుమస్తా తయారు చేసుకున్న కాగితం బల్ల మీద పెట్టి, సుద్ద తీసుకుని, ఒక పక్క 'సిమిలర్ టు', ఇంకో పక్క 'సేమ్ యాజ్' అని రాశాడు. టు కింద ఒక గీత గీశాడు. యాజ్ కింద ఒక గీత గీశాడు. ఇక చెప్పాల్సింది రెండు వాక్యాలే.

"రాసుకోండి," అన్నాడు.

ఇరవై పెన్నులు వంగాయి. రంగులక్క కళ్ళజోడు పైకి తోసుకుని, బోర్డు అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయేమో, తల వెనక్కీ ముందుకూ జరిపి చూసింది. కనిపించక జోడు కొంచెం కిందికి దించి, పై నుంచి చూసి రాసుకుంది. బాగున్న కళ్ళతో రాసుకోవడానికి ఆవిడ పడుతున్న తంటా అతను చూశాడు.

కాగితం తిరగేసి బల్ల మీద పెట్టేశాడు.

"సిమిలర్ టు అంటే, దానికి దగ్గరగా ఉంది, కానీ అది కాదు," అన్నాడు. "తేడా ఉంది. చిన్నదే కావచ్చు, కానీ ఉంది. తేడా ఉందని తెలిసినవాళ్ళే ఆ మాట వాడతారు. సేమ్ యాజ్ అంటే ఏ తేడా లేదు. ఈ రెండింటికీ అర్థం ఒకటి కాదు."

రంగులక్క పెన్ను ఆగింది.

"ఒకటి కాదా?" అంది.

"కాదు."

"మాస్టారూ, అయితే ఆ రోజు నేను రాసింది..."

గుమస్తా జేబులోంచి చీటీ తీశాడు. మడతల దగ్గర మెత్తబడిపోయింది. చదివాడు. "నలభై ఒకటో లాట్. సిమిలర్ టు శాంపిల్. ట్యూబ్‌లైట్ నో." చదివాక ఎవరి ముఖం కేసీ చూడలేక చీటీ కేసే చూస్తూ చెప్పాడు. "ఆవిడ రాసింది ఇదీ. రంగు దగ్గరగా ఉంది, అదే కాదు, ట్యూబ్‌లైట్ కింద కలవడం లేదు అని. ఒక్క తప్పు లేదు. టు కూడా పెట్టారు. నేనే దాన్ని సేమ్ యాజ్ చేశాను. ట్యూబ్‌లైట్ మాట కొట్టేశాను. ఆవిడ అడిగారు. అడిగితే అర్థం ఒకటే అన్నాను. శుక్రవారం మేనేజరు గారి గదిలో నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఏమీ అనలేదు."

వంటగదిలో పంపు నుంచి గిన్నెలో నీళ్ళు పడుతున్నాయి. నవ్వడానికి వచ్చినవాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. అద్దకం మేస్త్రి చేతులు కట్టుకుని తలుపు వైపు చూస్తున్నాడు.

ఆవిడ తిడుతుందని గుమస్తా ఎదురు చూశాడు. ఏడుస్తుందేమో అనుకున్నాడు. రెండింటికీ సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ ముఖంలో అతను అనుకున్నదేదీ లేదు. నుదుటి మీది ముడతలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. జోడు తీసి, ముక్కు మీది గుర్తులను బొటనవేలితో రుద్దుకుంది.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట," అంది.

అతనితో కాదు, ఎవరితోనూ కాదు, తనలో తను అన్నట్టు అంది. ఆ గొంతులో ఉన్న సంతోషం విన్నాక గుమస్తాకు, ఆవిడ తన చెంప మీద కొట్టి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. మూడు రాత్రులు తను తన ఉద్యోగం గురించి, మేనేజరు గురించి, క్లాసులో తన పరువు గురించి భయపడుతూ పడుకున్నాడు. ఆ మూడు రాత్రులూ ఆవిడ తన కళ్ళు పోతున్నాయని భయపడుతూ పడుకుంది.

"మళ్ళీ చూసినప్పుడు కనిపించలేదన్నారు కదా," అన్నాడు. ఎందుకన్నాడో తెలియదు.

"రెండోసారి చూసింది నా కళ్ళతో కాదు మాస్టారూ," అంది రంగులక్క. "మీ మాటతో."

నోటు పుస్తకం మూసి, లేచి, బెంచీ సందులోంచి పక్కకు నడిచి వెళ్ళిపోయింది. వెళుతూ బోర్డు మూల ఆగింది. అంటించిన రిపోర్టును పీకుతుందేమోనని అందరూ చూశారు. బోర్డు మీద గుమస్తా రాసిన రెండు మాటలనూ ఒకసారి చదువుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఒక్కొక్కళ్ళే లేచారు. సైరన్‌కు ఇంకా పావుగంట ఉంది. ఎవరూ 'వస్తాం మాస్టారూ' అనలేదు.

మేనేజరు అంతా విని, చీటీ చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు. "క్లాసులో చెప్పడమెందుకండీ? నాకొచ్చి చెబితే సరిపోయేది కదా. ఇప్పుడు మిల్లంతా నవ్వుతుంది. ఆవిడని నెమ్మదిగా పాత చోటికి పంపించేద్దాం. కొన్నవాళ్ళకి మాత్రం ఏమీ రాయొద్దు. చెకింగ్‌లో పొరపాటని చెప్పేశాం, అయిపోయింది. ఇప్పుడు టైపింగ్‌లో పొరపాటంటే మనల్ని పిచ్చివాళ్ళనుకుంటారు."

"ఆవిడ సంతకంతో వెళ్ళింది సార్. వాళ్ళ దగ్గర ఆవిడ పేరే ఉంది."

"ఉంటే ఏమైంది? ఆవిడ వాళ్ళింటికి భోజనానికి వెళుతుందా?"

మామూలుగా అయితే గుమస్తా ఇక్కడ నవ్వేవాడు. మేనేజరు జోకులకు నవ్వడం కూడా అతను ఏళ్ళ తరబడి చేస్తున్న పనే. ఇవాళ నవ్వలేదు. "నేను రాస్తాను సార్. నా పేరు మీద. మీరు వద్దంటే నేనే తీసుకెళ్ళి ఇచ్చి వస్తాను," అన్నాడు. మేనేజరు అతనికేసి, తలుపు పక్కన ఒక మనిషి కూర్చుంటాడని ఇప్పుడే తెలిసినట్టు చూశాడు.

"ఆ పాఠాలు ఇంక వద్దులెండి," అన్నాడు చివరికి. "చీటీలు ఇక ఎవరివి వాళ్ళ చేతిరాతతోనే వెళతాయి. మీరు దిద్దక్కర్లేదు. కవర్లో పెట్టి పంపండి చాలు. ఉత్తరం రాసుకుంటారో ఏం చేసుకుంటారో మీ ఇష్టం."

ఆ ఉత్తరం రాయడానికి సాయంత్రమంతా పట్టింది. ఒక్కో రిపోర్టునూ నిమిషంలో టైపు కొట్టే చెయ్యి, 'నేను మార్చాను' అన్న చిన్న వాక్యం దగ్గర మాటిమాటికీ ఆగింది. 'మార్చబడింది' అని రాశాడు. చూస్తే అందులో మనిషి లేడు. కొట్టేసి మళ్ళీ 'నేను' అని రాశాడు. మర్నాడు పొద్దున తనే వెళ్ళి యూనిఫాంల వాళ్ళ బల్ల మీద పెట్టి వచ్చాడు. అక్కడి మనిషి చదివి, "ఓహో, మీరేనా," అన్నాడు. అంతే అన్నాడు. ఆ 'మీరేనా' తిరిగి వచ్చేంతవరకూ చెవిలో ఉండిపోయింది.

బుధవారం నాటికి రంగులక్క తన స్టూలు మీదికి వచ్చేసింది. గుమస్తా భోజనాల వేళ దాకా ఆగి, కిందికి దిగి, దీపాల పెట్టె గదికి వెళ్ళాడు. మిల్లులో ఇన్నేళ్ళుగా ఉన్నా ఆ గదిలోకి ఎప్పుడూ రాలేదు. గోడలన్నీ ఒకే రకం బూడిద రంగు, కంటికి ఏ రంగూ తగలకుండా. ఆవిడ పెట్టెలోకి వంగి రెండు ముక్కల అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, మీట నొక్కుతోంది. తెల్లటి వెలుతురు, పచ్చటి వెలుతురు, మళ్ళీ తెలుపు.

"అక్కా," అన్నాడు.

ఆవిడ తలెత్తలేదు. "చెప్పండి."

"క్షమించమని అడగడానికి వచ్చాను. మీరు..."

"మీరు అంటున్నారేంటి, కొత్తగా?" అంది మీట మీంచి వేలు తీయకుండా.

ఆవిడ ముక్కలను తిరగేసి, నూలు వాలు ఒకే వైపు ఉండేలా సర్ది, మళ్ళీ చూసింది. గొడవ పడటం గానీ ఊరుకోబెట్టడం గానీ ఆవిడ చేస్తుందేమోనని కాసేపు నిలబడ్డాడు. ఊరట కోసం వచ్చానని అతనికే అర్థమైంది.

"నా మీద కోపం లేదా?" అన్నాడు.

"ఎందుకు లేదు? చాలా ఉంది," అంది రంగులక్క. "ఇప్పుడు పనిలో ఉన్నాను. కోపంగా ఉంటే రంగు సరిగ్గా కనిపించదు. తర్వాత కోప్పడతాను."

అది జోకో కాదో అతనికి తెలియలేదు. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. రెండు ముక్కలనూ చేతుల్లోకి తీసుకుని పెట్టె వదిలి కిటికీ వైపు తిరిగింది. పగటి వెలుతురులో ఇంకోసారి చూడాలి కాబోలు. కిటికీకీ ఆవిడకూ మధ్యలో గుమస్తా ఉన్నాడు. అతని నీడ గుడ్డ మీద పడింది.

"కొంచెం జరగండి మాస్టారూ," అంది. "వెలుతురుకి అడ్డంగా ఉన్నారు."

అతను గోడ దాకా జరిగాడు. ఆవిడ ముక్కలను కంటి ఎత్తుకు పట్టుకుని చూస్తోంది. అతను కూడా అక్కడి నుంచే చూశాడు, కళ్ళు చిట్లించి, ఎంతోసేపు. అతనికి రెండూ ఒకటే రంగులా కనిపించాయి. ఆవిడ తల అడ్డంగా ఊపి, పెన్ను తీసుకుని, చీటీ మీద రాయడం మొదలుపెట్టింది.